సంచి గడప దాటితే ఆగే పాట

పొద్దున లేస్తే రేడియో మెకానిక్‌కి పాత వాల్వులు, అదే రేడియోలో వెలిగే గాజు బుడ్లు, తుడవడమే పని. పొడిగుడ్డతో కాళ్లు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము. గాజు మీది నంబరు జోలికి మాత్రం పోకూడదు, ముట్టుకుంటే రాలిపోయే రాత అది. ఈ సంగతి ఊరందరికీ చెప్పేది ఆయనే. ఆ రోజు హుషారెక్కువై అయిదు వాల్వుల్నీ సబ్బునీళ్లలో ముంచిందీ ఆయనే. కథ చెప్పేవాడిదీ అదే బాపతు తెలివి కాబట్టి నవ్వడం లేదు.

"అత్తా, కొంప మునిగింది. ఏది ఏదో తెలీడం లేదు."

వసారాలో ఆ వాల్వులున్న రేడియో సొంతదారు, పాటల టీచరమ్మ, కూర్చునుంది. ఇంకాసేపట్లో ఆమె శిష్యురాలు మొదటిసారి రేడియోలో పాడబోతోంది.

లోపల మెకానిక్ మేనత్త సంచి సర్దుకుంటోంది. పెద్ద మేనల్లుడు, అంటే మెకానిక్ అన్న, ఆమెను తన ఊరికి తీసుకెళ్లడానికి వస్తున్నాడు. "ఇక్కడ ఊరికే కూర్చునే బదులు మా పిల్లల్ని చూసుకో" అని తనే తేల్చేశాడు. ఆమెకు వెళ్లాలని లేదు. ఆ మాట అడిగినవాళ్లూ లేరు.

"ముంచేముందు పిలవవు, మునిగాక పిలుస్తావు. ఇలా తే," అంది.

గాజు మీద హా అని ఊదింది. చెరిగిన రాత ఆమె ఊపిరికి తిరిగొస్తుంది. మందుల షాపాయన కూడా లేబులు పోయిన సీసాలు తెచ్చి ఊదించుకుపోతుంటాడు.

నంబర్లు తెల్లగా తేలాయి. మెకానిక్ గబగబా వాల్వులు గుచ్చి మీట తిప్పాడు. గాజు కడుపుల్లో ఎర్రటి నిప్పు రాజుకుంది. గరగర. ఆ వెనకే ఆ పిల్ల గొంతు. టీచరమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

అప్పుడే పెద్ద మేనల్లుడు దిగాడు. "పద అత్తా, చీకటి పడితే రోడ్డు బాగోదు."

అత్త సంచి పట్టుకుని గడప దాటింది. పాట ఆగింది.

"మళ్లీ ఏం చెడగొట్టావురా?"

"నేను ముట్టుకోలేదన్నయ్యా. గాజు మీది నంబర్లే మళ్లీ పోయాయి."

అత్త లోపలికొచ్చింది, రేడియోలో పాట మళ్లీ మొదలైంది. సంచి లోపల పెట్టి ఆమె వీధిలోకెళ్లినా రేడియో పాడుతూనే ఉంది. సంచి పట్టుకుని కదిలితే మాత్రం మూగపోయింది. ఈసారి వీధిలో రేడియోలన్నీ మూగపోయాయి. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు బయటికొచ్చి, "అత్త ఎక్కడికి?" అన్నారు.

"చరణం పోతోంది నాయనా," అంది టీచరమ్మ పెద్దవాడితో. "ఆ అడిగేదేదో తొందరగా అడుగు."

పెద్దవాడు సంచి వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. "ఇక్కడే ఉండాలనుందా అత్తా?"

"ఇప్పటికి నోరు పెగిలింది," అంది అత్త. సంచి తీసుకెళ్లి మంచం కిందికి తోసింది. "సెలవులకి పిల్లల్నే ఇటు పంపు. వాల్వులు తుడవడం నేర్పుతాను. వీడూ వాళ్ల పక్కన కూర్చుంటాడు."

వీధి పొడుగునా రేడియోలు పాట అందుకున్నాయి.