అరువు పిల్లలు

బడిలో ఇరవై మంది లేకపోతే పక్క ఊరి బడిలో కలిపేస్తామని ఉత్తర్వు వచ్చింది. పెద్దమాస్టారి దగ్గర ఉన్నది పదమూడు మంది. ఇరవై రెండేళ్లుగా రోజూ ఆ గదుల తాళం తీసేది ఆయనే. తన హయాంలో బడి మూతపడితే తల ఎక్కడ పెట్టుకోవాలి? ఇల్లిల్లూ తిరిగి కాళ్లరిగాయి తప్ప ఒక్క పిల్లా చేరలేదు. అందరూ వ్యానెక్కి పట్నం బడికి పోతున్నారాయె.

చివరికి పక్క ఊరి బడిలో పనిచేసే బావమరిదిని బతిమాలాడు. తనిఖీ రోజుకి ఏడుగుర్ని అరువివ్వమన్నాడు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు బావా అని బావమరిది మొత్తుకున్నాడు గానీ, అక్క మొహం చూసి సరేనన్నాడు. ఎప్పుడో మానేసిన ఏడుగురి పేర్లు రిజిస్టరులో అలాగే ఉన్నాయి. పెద్దమాస్టారు తలుపేసి, ఆ పేర్లను అరువు పిల్లల చేత వల్లె వేయించాడు. అబద్ధమాడితే అరచెయ్యి వాచేలా కొట్టిన మనిషే! తడబడినవాణ్ని గదమాయించాడు కూడా.

తనిఖీకి వచ్చిన అధికారిణి హాజరు పిలిస్తే ఇరవై గొంతులూ టంచనుగా పలికాయి. ఆయన ప్రాణం కుదుటపడింది. అంతలో ఆవిడ ముందు వరసలోని కుర్రాణ్ని గ్లాసుడు మంచినీళ్లు తెమ్మంది. వాడు లేచి, ఈ గుమ్మం వైపూ ఆ గుమ్మం వైపూ చూసి, నీళ్లకుండ ఎక్కడుంటుందని పక్కపిల్లని అడిగాడు.

రిజిస్టరు ప్రకారం మూడేళ్లుగా ఇక్కడ చదువుతున్నవాడికి కుండ తెలియదా అని ఆవిడ నిలదీయలేదు. నిలదీసినా బాగుండేది. రిజిస్టరు మూసి, దాహం లేదులే అంది. పెద్దమాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆవిడ బండెక్కేదాకా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

బడి కలిపేశారు. ఆవిడ దయతలిచి ఆయన మీద పైకి కాగితం మాత్రం రాయలేదు. పదమూడు మందినీ వెంటబెట్టుకుని పక్క ఊరి బడికే మామూలు పంతులుగా వెళ్లాడు. మొదటి రోజు హాజరు పుస్తకం తెరిచి ఒక పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆ పేరుగలవాడు, తనిఖీ రోజు అరువొచ్చిన ఏడుగురిలో ఒకడు, బుద్ధిగా చేతులు కట్టుకుని లేచాడు.

"మాస్టారూ, ఇవాళ ఏ పేరుకి పలకమంటారు?"

వాడి మొహంలో వెటకారం లేదు. ఉంటే ఒక్కటిచ్చి కూర్చోబెట్టేవాడు. నీ పేరుకేరా అనబోయి, ఆయన హాజరు పుస్తకం మూసి, నీళ్లకుండ ఎక్కడుంటుందని వాణ్నే అడిగాడు.