చూసినవాడి మాట

పోలిరాజు సముద్రం మానేసి ఆటో పట్టాడంటే పూడిమడక రేవులో అందరూ నవ్వారు. కెరటం మీద పుట్టినవాడికి మూడు చక్రాలేమిటన్నారు. వాడు మాత్రం అనకాపల్లిలో గది అద్దెకు తీసుకుని, కశింకోటకీ టౌనుకీ మధ్య షేర్ ఆటో తోలుకుంటున్నాడు. ఎవరైనా అడిగితే, "తమ్ముడు తప్పిపోయిన నీల్లు సూల్లేను బావా" అనేవాడు. ఆ మాటలో సగమే నిజం.

కిందటేడు వేట నిషేధం ఎత్తేసిన వారంలో, తెల్లవారి వెలుగొచ్చాక, పడవ తిరగబడింది. అందులో ఉన్నది అన్నదమ్ములిద్దరే. వల తేల్చే థర్మాకోల్ దిమ్మ ఒకటి పోలిరాజుకి దొరికింది. ఇంకో పడవవాళ్లు వాణ్ణి లాగి ఒడ్డుకు చేర్చారు. తమ్ముడు గోవింద్ ఏడని అడిగితే, "కెరటం అటు ఇసిరేసింది. మరి కనపళ్లేదు. ఎవులైనా ఎక్కించుకునుంటారు" అన్నాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికిపోయింది.

వాళ్ల పేటలో ఒక కట్టుబాటుంది. శవమైనా దొరకాలి, మునగడం కళ్లారా చూసినవాడైనా చెప్పాలి. అప్పటిదాకా పెళ్లాం గాజులు తియ్యదు, కర్మ చెయ్యరు. గోవింద్ భార్య లోవలక్ష్మికి పాతికేళ్లు. పదకొండు నెలలుగా పొద్దున్నే తలంటుకోవడం, బొట్టు పెట్టుకోవడం, ఒడిశా వైపు నుంచి పడవ వచ్చిందంటే ఫోటో పట్టుకుని రేవుకి పరిగెత్తడం. పాయకరావుపేట నుంచి పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తామన్నా కదల్లేదు.

అనకాపల్లి నుంచి ఆదివారాలు నలుగురైదుగురు పోలిరాజు ఆటోలోనే శంకరం ఊరి దగ్గర, పాత బౌద్ధ స్తూపాలున్న బొజ్జన్నకొండకి ధ్యానానికి వెళ్లేవారు. వాళ్లకి పెద్ద సన్యాసిరావు మేస్టారు, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్లు దిగొచ్చేదాకా పోలిరాజు ఆటోలో కునికేవాడు. ఒకనాడు వైశాఖపు ఎండ పొద్దున్నే నిప్పులు చెరుగుతుంటే మేస్టారు జాలిపడ్డాడు. "ఇక్కడ మాడిపోవడం ఎందుకయ్యా? పైన నీడుంది, రా."

ఇటుకల స్తూపం పక్క నీడలో కూర్చున్నాక మేస్టారు నెమ్మదిగా చెప్పాడు. "చీమా దోమా పక్షీ చేపా, ఎన్ని కోట్ల ప్రాణులో! అందులో మనిషై పుట్టడం ఎంత అరుదో తలుచుకోండి. అంత అరుదైనదీ ఒక్క ఊపిరి మీద నిలబడి ఉంది. లోపలికెళ్లేదాన్ని చూడండి, బయటికొచ్చేదాన్ని చూడండి. ఆ తరవాతది వస్తుందని మనకెవరూ మాటివ్వలేదు."

పోలిరాజు కళ్లు మూసుకున్నాడు. ఊపిరి వెళ్లింది, వచ్చింది. అయిదోదో ఆరోదో బయటికొచ్చాక, తరవాతది మొదలయ్యే ముందు చిన్న ఖాళీ తగిలింది. అక్కడ గోవింద్ ఉన్నాడు. దిమ్మ ఇద్దర్నీ మొయ్యలేకపోయింది. తమ్ముడి చెయ్యి తన మెడ చుట్టూ ఉంది. ఇద్దరూ మునుగుతున్నారు. తను ఆ చేతిని విదిలించాడు. ఒక్కసారే. నీళ్లలోంచి బుడగలు వచ్చాయి, కాసేపటికి రావడం మానేశాయి.

వెక్కివెక్కి ఏడుస్తున్న వాణ్ణి చూసి పక్కావిడ, "మొదటిరోజే ఎంత బాగా కుదిరిందో!" అని మురిసిపోయింది.

అందరూ కొండ దిగిపోయాక పోలిరాజు మేస్టారి దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పేశాడు. "ఈ ఊపిరి నాది కాదండీ, ఆడిది" అన్నాడు. మేస్టారు మందలించలేదు, ఓదార్చలేదు.

"నీ పాపాన్నే దాచుకున్నాననుకుంటున్నావు. ఆ పిల్ల జన్మ కూడా అందులోనే ఉంది కదయ్యా" అన్నాడు.

వాళ్లని టౌన్లో దింపి, పోలిరాజు ఆటోని పూడిమడక రోడ్డుకి తిప్పాడు. దారిలో జనం చేతులెత్తినా ఆపలేదు.

లోవలక్ష్మి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. వాణ్ణి చూడగానే చటుక్కున లేచింది.

"బావా, కబురేటైనా వచ్చిందేటి?"

ఆ మొహం చూసి వెనక్కి పోదామనుకున్నాడు. గుండె రాయి చేసుకుని చెప్పాడు. దిమ్మ గురించీ, మెడ చుట్టూ ఉన్న చెయ్యి గురించీ, విదిలించడం గురించీ, బుడగల గురించీ.

"అప్పటికి ఎలుగొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా."

"అయితే సూసేవు."

"సూసేను."

మీద పడి కొట్టింది. మొహం మీద, రొమ్ము మీద, చేతికందిన చోటల్లా కొట్టింది. పోలిరాజు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె అలిసిపోయి చేపల పక్కనే కూలబడింది.

"పదకొండు నెల్లు బావా. తలుపు గెడెయ్యకుండా తొంగున్నాను."

"నేనూ ఆడితో పోతే బాగుణ్ణమ్మా."

"ఏటి బాగుణ్ణు? ఇద్దరూ పోతే నాకెవులు సెప్పేవోరు? సచ్చేదాకా ఇలాగే కూకుందును." కళ్లు చేపల మీదే ఉన్నాయి. "నీ మొకం సూల్లేను, ఎల్లిపో. ఎల్లి ఈ మాట రేవులో అందరి ముందూ సెప్పు. పదోనాడు రా. ఆడికి పిల్లల్లేరు, కర్మ నువ్వే సెయ్యాల."

పోలిరాజు రేవు వైపు నడిచాడు. నాలుగిళ్లు దాటేసరికి వెనక నుంచి లోవలక్ష్మి ఏడుపు వినబడింది. తిరిగి రావలసినవాడి కోసం ఏడిస్తే కీడని ఆమె ఇన్నాళ్లూ ఒక్క చుక్క రాల్చలేదు. మొగుడి కోసం ఏడవడం ఆమెకదే మొదటిసారి.