మేడ మీద పటం కథ

హైదరాబాదులో పత్తర్‌గట్టి వెనక గల్లీలో, విఠల్‌రావు గారి పాత మేడ పైగదిలో ముసలి రామలింగయ్య పటం కథ చెప్పడం మొదలుపెట్టి నెల దాటినా వినేవాళ్లు ఏడుగురికి మించలేదు. యాభై నాలుగో సంవత్సరం అది. జనమంతా టాకీసుల ముందు బారులు తీరుతున్నారు.

ఆ ఏడుగురిలో సులోచన ఒకతె. ఆడపిల్లల బడిలో టీచరు. ఆ పటం ముప్పై మూరల గుడ్డ, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు. రాక్షసుడు ఎత్తుకుపోయిన మగ్గం కోసం ఏడు అడవులు దాటే నేతగాడి కూతురి కథ. ముసలాయన కర్రతో బొమ్మను తాకి గొంతెత్తితే ఆ పిల్ల నిజంగానే నడిచేది. ఇంత గొప్ప ఆటకు ఏడుగురేనా అని సులోచనకు కడుపు మండిపోయింది. కనిపించినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టింది. తోటి టీచర్లకు, నయాపూల్ కాడ కోర్టు గుమాస్తాలకు, గాజుల దుకాణాలవాళ్లకు.

"ఒక్కసారి చూడుండ్రి. నచ్చకుంటె నన్ను తిట్టుండ్రి" అనేది.

"పదిమంది చాలు బిడ్డా. ఈ మేడ నాకంటె ముసల్ది" అన్నాడు రామలింగయ్య. ఆమె నవ్వేసింది.

కిందిగదిలో మహబూబ్ బీ ఉండేది. సులోచన ఆమెను అక్కలా ఎంచి 'ఆపా' అనేది. చెక్కచట్రానికి గుడ్డ బిగించి జరీపని చేసే మనిషి. సులోచన మాట మీద ఆమె కూడా ఒకరోజు పైకొచ్చి కథ విని, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయింది. శ్రావణం వానలు పట్టుకున్నాయి. పైగదిలో పాతికమంది చేరిన రోజు ఆమె సులోచనను మెట్ల దగ్గర ఆపింది.

"టీచరమ్మా, పైన జనం కూసుంటె నా గుడ్డ మీద మట్టి రాలుతున్నది. నిన్నటి సంది తలుపు కూడ పడ్తలేదు."

"వానకు చెక్క ఉబ్బిందేమో ఆపా. ఫికర్ చెయ్యకు."

"చెక్క ఉబ్బితె మట్టెందుకు రాలుతది?"

సులోచన తెరిచిన తలుపులోంచి కిందిగది పైకప్పు వంక చూసింది. దూలం గోడలోకి దిగే చోట సన్నటి సందు నల్లగా కనిపించింది. చూసి కూడా పైకెక్కింది. ఆదివారానికి అరవైమందిని పిలిచి ఉంది. ఆ ఒక్క ఆట కానిచ్చి విఠల్‌రావుకు చెబుదామనుకుంది.

ఆదివారం మూడింటికే గది కిక్కిరిసింది. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు, గోడలకు ఆనుకుని నిలబడ్డ దుకాణదారులు. ఎవరు కదిలినా కింద పలకలు మూలిగేవి. ఆ మూలుగు తనకొక్కదానికే వినిపిస్తోందేమోనని సులోచన అందరి మొహాలూ చూసింది. అందరి కళ్లూ పటం మీదే ఉన్నాయి.

నాలుగో అడవి నడుస్తుండగా మహబూబ్ బీ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"దూలం జారింది. బెత్తెడు బయటికొచ్చింది. నా కండ్లతోని చూసిన."

అరిస్తే అరవైమందీ ఒక్క ఇరుకు మెట్ల మీద పడతారు. ఇంకా మూడు అడవులే కదా, అరగంట ఆగదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణానికి ఆమె తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు. వంగి నడుస్తూ పోయి రామలింగయ్య చెవిలో సంగతి చెప్పింది.

ముసలాయన ఆపలేదు. అదే రాగంలో అందుకున్నాడు.

"ఐదో అడవికి తొవ్వ ఇంట్ల లేదు, గల్లీల ఉన్నది. బిడ్డ ఎన్క మీరు గూడ నడువుండ్రి. ముందుగాల పిల్లల తల్లులు, ఆ ఎన్క ముసలోళ్లు. ఉరికినోడు రాక్షసుని పాలు!"

జనం నవ్వుకుంటూ లేచారు. పటాన్ని భుజాన వేసుకుని పాడుతూ ఆయన ముందు దిగాడు. ఒకరి వెనక ఒకరు దిగుతుంటే సులోచన మెట్ల పైన నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. గోడలోంచి సున్నం సన్నగా జారుతోంది. ఆఖరి మనిషి దిగాక తనూ దిగింది.

గల్లీలోకి వచ్చి చూస్తే మహబూబ్ బీ లేదు. చట్రం మీద నాలుగు నెలల పని, ఎవరిదో పెళ్లి దుపట్టా. దానికోసం లోపలికి పోయింది.

"ఆపా!" అని అరిచింది సులోచన.

మేడ పైగది ఒక్కసారిగా కిందికి కూలింది.

దుమ్ములో రెండు గంటలు తవ్వితే ప్రాణంతో దొరికింది. కుడిచెయ్యి దూలం కింద నలిగింది. ఆసుపత్రిలో నాలుగు వేళ్లు తీసేశారు.

మూడోరోజు సులోచన గుమ్మం ముందు నలభైమంది చేరారు. పాటతో అరవైమందిని దింపిన ముసలాయన సంగతి బస్తీ అంతా పాకింది.

"పటం కథ మల్ల ఎక్కడ టీచరమ్మా? మా ఇంటోళ్లందరిని తోల్కొస్తం."

"నాకు తెలవదు" అని తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి పోయింది. మహబూబ్ బీ పైకప్పు వంక చూసింది.

"నువ్వు చెప్తె నేనిన్న. నేను చెప్తె నువ్వినలె" అని గోడవైపు తిరిగింది.

రామలింగయ్య బయలు జాగాలో కథ మొదలుపెట్టాడు. రోజూ రెండువందలమంది వస్తున్నారని విన్నా సులోచన అటు పోలేదు. బడి వదలగానే గిన్నెలో అన్నం, పప్పు తీసుకుని ఆసుపత్రికి పోయేది. మహబూబ్ బీ ఎడమచేత్తో తంటాలుపడి తినేది, సాయం పట్టనిచ్చేది కాదు. తొమ్మిదో రోజు సులోచన కలిపి పట్టుకున్న ముద్దకు నోరు తెరిచింది. చూపు మాత్రం గోడవైపే ఉంచింది.