నోటి కుట్టు

హూచితాన్ ఊరి సంతలో ఒడీలియా ఉడుముల్లాంటి ఇగ్వానాలు అమ్మబట్టి ముప్పై ఏళ్లు. కొడుకు అడవిలో పట్టి తెస్తాడు. వాటి కాళ్లు వీపు మీదికి మడిచి వాటి వేళ్ల నరాలతోనే ముడివేయడం, కరవకుండా నోరు దారంతో కుట్టడం ఆమె పని. ఈస్టర్ ముందు శ్రమల వారంలో మాంసం ముట్టనివాళ్లు సైతం ఇగ్వానాను చేపల్లో కలిపేసుకుని తింటారు కనుక ఆ రోజుల్లో ఆమెకు ఊపిరి సలపదు.

ఇంట్లో నిండు చూలాలుంటే మాత్రం ఆ ఇంట ఎవరూ ఇగ్వానాకు ముడి వేయరు, నోరు కుట్టరు. ఒడీలియాకు తెలియక కాదు, బేరం వదులుకోలేని మనిషి. సోమవారం నాలుగింటిని కట్టి, కుట్టి అమ్మేసింది. నెలలు నిండిన కోడలు రోసెల్వా వల ఉయ్యాల్లో పడుకునే అంతా చూసి మొహం తిప్పుకుంది. అత్తకు ఎదురు చెప్పే పిల్ల కాదు.

గురువారం పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నమైనా బిడ్డ కదల్లేదు. మంత్రసాని ఫ్లొరెంటినా ఇంట్లో ముడులన్నీ విప్పించింది. రోసెల్వా జడ, బట్టల మూటలు, ఆఖరికి మేక మెడలో తాడు కూడా. అయినా లాభం లేకపోయింది.

"ఇంకా ఎక్కడో ముడి ఉంది ఒడీలియా. నా దగ్గర దాచకు."

ఒడీలియా ఒప్పుకుంది. "నాలుగు ఇగ్వానాలు. అమ్మేశాను."

"ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనేగా. వాటితో పాటు బుద్ధి కూడా అమ్మేశావా? చచ్చినవాటితో పేచీ లేదు. బతికున్నది దొరికితే కాళ్లూ విప్పు, నోరూ విప్పు. పో, తొందరగా పో."

ఎదురుగాలికి కళ్లలో దుమ్ము పడుతున్నా ఆమె పరిగెత్తింది. మూడిళ్లలో కూర అప్పటికే ఉడికిపోయింది. నాలుగో ఇల్లు హెర్మెలిండాది.

"ఈస్టర్‌కని ఉంచుకున్నా అక్కా, గుడ్లతో ఉంది. అమ్మింది మళ్లీ పట్టుకుపోతావా? ఇంకెవరికైనా మాటిచ్చావా ఏంటి?"

"నా కోడలు చచ్చిపోయేట్టుందే."

హెర్మెలిండా గంప తెచ్చి ముందు పెట్టింది.

ఒడీలియా ఇగ్వానాను ఒళ్లో పెట్టుకుంది. దాని పొట్ట బిగుసుకుని రోసెల్వా పొట్టలాగే ఉంది. చూడలేకపోయింది. కత్తెర తీసింది. ఆ చేతులకు ఎన్నాళ్లుగానో ఒకటే అలవాటు. విప్పేటప్పుడు మొదట కాళ్ల ముడి, ఆ తర్వాతే నోటి కుట్టు, అదీ ప్రాణం పోయాక. ఆ వేళ కూడా చేతులు తమకు తెలిసిందే చేశాయి. ముడి తెగిందో లేదో, మూడు రోజులుగా కదలకుండా పడి ఉన్నది కాస్తా ఒళ్లోంచి దూకి, పెరట్లో చింతచెట్టు ఎక్కేసింది.

అంతలో సందులోంచి ఎవరో పిలిచారు. "పుట్టిందమ్మా, ఆడపిల్ల."

ఒడీలియాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికి పరిగెత్తింది. బిడ్డ ఎర్రగా, బొద్దుగా ఉంది. ముక్కుతో ఊపిరి తీస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడుపు లేదు. ఫ్లొరెంటినా వీపు మీద తట్టింది, పాదాలు గిల్లింది, వేలితో పెదాలు విడదీయబోయింది. అవి విడలేదు.

"నోటి కుట్టు విప్పావా?" అంది మంత్రసాని, తలెత్తకుండానే.

రోసెల్వా పక్క మీంచి అత్తనే చూస్తోంది.

ఒడీలియా కత్తెర పట్టుకుని వచ్చిన దారినే పరిగెత్తింది. చింతచెట్టు కింద నిలబడి పైకి చూసింది. కుట్టిన నోటితో అది కూడా ఆమెనే చూస్తోంది.

"దిగు తల్లీ. నా తల్లివి కదూ, దిగిరా," అంది. పుట్టి బుద్ధెరిగాక ఒక ఇగ్వానాను ఆమె బతిమాలడం అదే మొదలు.

అది ఇంకో కొమ్మ పైకెక్కింది.