బయ్యన్న పడవ

బండిచక్రాలు చేసుకునే బయ్యన్న పడవ చేస్తానని ఒప్పుకోవడమే పొరపాటు. ముదిగుబ్బ చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పడవను కళ్లారా చూసినవాడు ఎవడు గనక? కానీ ఆ ఏడు వానలు దంచికొట్టి చెరువు నిండింది. ఊరికి తాగే నీళ్లిచ్చే బోరు చెరువుకు అవతల ఉండిపోయింది, బాట మునిగిపోయింది. "నువ్వు కాక ఎవరు చేస్తారన్నా" అని నలుగురూ ఉబ్బించేసరికి బయ్యన్న తలూపాడు. పొగడ్తకు పడిపోవడంలో ఆయన్ను మించినవాడు లేడు.

ముందు మూరెడు పడవ ఒకటి చేసి ఎద్దుల తొట్టిలో వదిలాడు. చుక్క నీరు లోపలికి రాలేదు. ఆ కొలతలే పెంచి పెద్ద పడవ చేశాడు. చెరువులో దింపి చూస్తే అదీ బాగానే తేలింది. అంతటితో ఊరుకోవచ్చు కదా. మంచిరోజుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయని పెద్దలు పడవను గట్టుకు లాగించి, పసుపు కుంకుమలు పెట్టి ఎండలో ఉంచారు. చిన్న పడవను బయ్యన్న ఇంటి గూట్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఏడుగురు ఆడవాళ్లు ఖాళీ బిందెలు, చెంబులతో పడవెక్కారు. బయ్యన్న కూతురు, పదహారేళ్ల హేమావతి, ముందు కూర్చుంది. ఊరి కుర్రాడు తిప్పేష్ పడవ తోసే గెడ అందుకున్నాడు. పడవ కదిలాక బయ్యన్న సంబరంగా ఇంటికి వచ్చి, చిన్న పడవను కడిగి బడిపిల్లలకు ఇద్దామని తొట్టిలో వేశాడు. అది కాసేపు తేలి, ఒక పక్కకు ఒరిగి మునిగిపోయింది.

తీసి చూశాడు. పలకల మధ్య గోరు దూరేంత సందు. ఎండకు వదులైన చక్రాన్ని నీళ్లలో నానబెట్టి బిగించడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. పడవ దగ్గర ఆ సంగతే మరిచాడు. నీడనున్న చిన్నదే ఇట్లా ఎండి విచ్చుకుంటే, ఎనిమిది రోజులు ఎండలో ఉన్న పెద్దదాని గతేమిటి?

పరుగెత్తాడు. కట్ట ఎక్కేసరికి పడవ చెరువు నడుమ ఉంది. అంచు నీళ్లకు జానెడు ఎత్తులో కూడా లేదు. ఆ ఊళ్లో ఈత వచ్చినవాళ్లు లేరు; నేర్చుకోవడానికి నీళ్లు ఉంటే కదా. ఆడవాళ్లు వంగి లేస్తున్నారు. చెంబులతో తోడుతున్నారని తెలిసి ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం అసలు సంగతి కనబడింది. తోడిన నీళ్లు చెరువులో పోయడం లేదు. బిందెల్లో నింపుకుంటున్నారు. నిండిన బిందెలు పడవలోనే ఉన్నాయి.

వాళ్లను అనడానికి ఏముంది? నీళ్లు పారబోసే చేతులు కావవి. ఎనిమిదేళ్లప్పుడు బిందె జారవిడిచిందని హేమావతి వీపు వాయగొట్టింది ఈ బయ్యన్నే.

కేకలు వేస్తే బెదిరి లేస్తారు. లేస్తే పడవ బోల్తా పడుతుంది. గొంతు నిదానం చేసుకుని పిలిచాడు.

"హేమా, ఎవరూ లేయొద్దండి. కూచోనే బిందెలు పారబొయ్యండి."

పడవలో చేతులు ఆగిపోయాయి. ముసలి తిమ్మమ్మ గొంతు నీళ్ల మీదుగా వినిపించింది. "ఏమంటాండాడే మీ నాయన? నీళ్లు పారబొయ్యమంటాండాడా?"

"చెరువులోకే పారబొయ్యి తల్లీ. నేనే చెప్తాండా. ఏమీ అనను."

హేమావతి కదల్లేదు. తండ్రి వైపే చూస్తోంది. చెరువు కంటే తనకే ఎక్కువ భయపడుతోందని బయ్యన్నకు అర్థమైంది. ఆయనకు ఏడుపు వచ్చింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, కన్నకూతురికి.

అప్పుడు మొదటి బిందె ఒరిగింది. తర్వాత ఇంకొకటి. తిప్పేష్ గెడ తిప్పి పడవను వెనక్కి తోశాడు. నాలుగు వేళ్ల ఎత్తు అంచుతో, ఊపిరి బిగబట్టినట్టు వచ్చి పడవ గట్టును తాకింది.

అందరూ దిగాక హేమావతి దిగింది. చంకలో నిండు బిందె.

"అన్నీ పారబొయ్యలేదు నాయనా. ఇదొక్కటి మిగిలిచ్చినా," అంది. "కొట్టొద్దు."

బయ్యన్న బిందె అందుకున్నాడు. అది చేతిలో జారి సగం నీళ్లు నేలపాలయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు.