కోతకు తగిన చలి

బ్లేడు మీద ముద్దగా ముడుచుకుపోయిన పొరను కుంచెతో తుడిచేసి, ఆయన యంత్రంలో చలి ఇంకో రెండు డిగ్రీలు పెంచాడు. గడ్డకట్టిన మెదడు ముక్కలను వెంట్రుకకన్నా పలచగా కోసి గాజు పలకలమీద ఎక్కించడం ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన పని. ల్యాబులో అందరికీ ఐసన్నయ్య. అసలు పేరు ఎంతమందికి తెలుసో అనుమానమే.

కొవ్వు మైనస్ ముప్పైకి గాని లొంగదు. మెదడు అంత చలికి తాళలేదు, పెళుసెక్కి బీటలు వారుతుంది. చలి చాలకపోతే బ్లేడుకు అంటుకుంటుంది. గోడమీది పట్టికలో మెదడుకు మైనస్ పన్నెండు నుంచి పదహారు అని ఉంది. ఆ నాలుగు డిగ్రీల్లో ఎక్కడ ఆగాలో మాత్రం కోసేవాళ్ల చేతికే తెలియాలి.

పోయిన నెల స్కానులో ఆయన తలలోనే ఒక రక్తనాళం ఉబ్బినట్టు తేలింది. కత్తికి అందని చోట ఉంది, ఎప్పుడైనా చిట్లవచ్చు. ఈ ల్యాబు పరిశోధనంతా ఆ జబ్బు మీదే. పోయాక తన మెదడు ఇక్కడికే ఇవ్వమని సంతకం పెట్టి వచ్చాడు. విని భార్య, "అందర్నీ కోసింది చాలక మీరూ ఆ ఐసు పెట్టెలోకి పోతారా?" అంది. చావంటే ఆయనకు భయమే. అంతకన్నా భయం పక్క బల్ల దగ్గరి ఆవిడను చూస్తే. కండరాల విభాగం నుంచి వచ్చింది, దేనికైనా మైనస్ ఇరవయ్యే పెడుతుంది. ఆయన తర్వాత ఈ బ్లేడు ముందు కూర్చునేది ఆవిడే.

"చెల్లెమ్మా, ఇవాళ నువ్వు కొయ్యి."

ఆవిడ ఇరవై పెట్టి కోసిన మొదటి పొర నిలువునా చీలింది.

"చూశావా? పద్నాలుగు పెట్టి అరగంట ఆగు. లోపలిదాకా సర్దుకోవాలి."

"చచ్చినవాళ్లకి చలేంటన్నయ్యా? జ్వరం చూసినట్టు చూస్తారు మీరు."

"వాళ్లకి తెలీదులే. నాకు తెలుస్తుంది."

ఆ అరగంటా ఆయన గోడకానుకుని నిలబడి, ముక్క గట్టిదనం చూసే అలవాటు కొద్దీ, తన తల వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసుకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి నాలుగో పొర ఎక్కడా ముడత లేకుండా వచ్చింది. పలకను వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు.

"ఇదీ. ఇది మర్చిపోకు, నీకు పుణ్యముంటుంది."

గ్లౌజులు విప్పి కుర్చీలో కూలబడ్డాడు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆవిడ మిగిలిన ముక్కను దాచడానికి ఫ్రీజర్ తెరిచింది. వెనక వరసలో, మీద చీటీ అంటించిన ఒక ఖాళీ పెట్టె తగిలింది.

"అన్నయ్యా, ఇదెవరిది? రాత మీదేగా?"

ఆయన తల పక్కకు వాలి ఉంది. కునుకు పట్టిందేమోనని వచ్చి భుజం తట్టింది. ఆయన చెయ్యి జారి ఒళ్లో పడింది. ఇంకా వెచ్చగానే ఉంది.

మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఆయన ఇంటికి ఫోన్ చేశారు. ఆవిడ మాత్రం పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు చదివింది చీటీ. మెదడు, పురుషుడు, యాభై ఏడేళ్లు. కింద, అందిన తేదీ అని రాసి, పక్కన జాగా వదిలేసి ఉంది.