స్లాగ్ గట్టు

బిసాహిన్ బాయి నెత్తిమీది మట్టితట్టను లాగి అవతల పారేశాడు కాంట్రాక్టర్ రాజాబాబు. ఆమె అరవై దాటిన మనిషి. తట్టతోపాటు ఆమె కూడా గట్టుమీంచి దొర్లింది. అతని కూలీలం మేం లారీలోంచి చూశాం. జూలై వచ్చినా చినుకు లేదు, ఎండ నిప్పులు కక్కుతోంది. నారుమళ్లు బతకాలని కాలువవాళ్లు బిసాహిన్ బాయి వాళ్ల ఊరి చెరువులోకి ఆఖరిసారిగా నీళ్లు వదిలారు. ఆ నీళ్లన్నీ గట్టు అడుగునుంచి బుడబుడమంటూ రోడ్డుమీదికి పోతున్నాయి.

"పానీ భాగత్ హే! పానీ భాగత్ హే!" నేలమీద కూర్చుని అరుస్తోంది బిసాహిన్ బాయి. నీళ్లు పారిపోతున్నాయని. ఆమె నారుకీ, మేకలకీ, ఇంట్లో తాగడానికీ ఆ చెరువే దిక్కు. అది ఎండితే ఊరు ఊరంతా ఇటుకబట్టీల దారి పట్టాల్సిందే.

"ఎల్లుండి ఇంజనీర్ సాబ్ వస్తాడు. ఈల్లు గట్టుకి బురద పూసినారంటే కారతందని తెలిసిపోద్ది," అన్నాడు రాజాబాబు మాతో, మా తెలుగులోనే. అతని వెనకే సర్కారు బోర్డు: 'మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే చెరువు'. సిగ్గులేని బోర్డు!

ఆ గట్టు కట్టింది మా ముఠాయే. అప్పలసూరి మేస్త్రీ, అతని భార్య సింహాచలమ్మ, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ పక్క బస్తీ క్యాంప్ 2 కూలీలం, యూనియన్ పని చూసే నేను. చెరువు అడుగు బంకమట్టి తవ్వి గట్టుకు వెయ్యాలన్నది పథకం. అలాగైతే చెరువు లోతవుతుంది, గట్టూ నిలుస్తుంది. రాజాబాబు తవ్వకం ఎగ్గొట్టి ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగ్ రాళ్లు పోయించాడు. మాకు అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? క్యాంపులో మా సందులు స్లాగ్ మీదే, మా ఇళ్ల పునాదులూ స్లాగ్ మీదే. ఎంత వానకీ కొట్టుకుపోదని మా నమ్మకం. ఊరివాళ్లు మట్టి వెయ్యండి బాబూ అని మొత్తుకుంటే, "రాయికంటే మట్టి గట్టిదేటి?" అని నవ్వాం. రాయి కొట్టుకుపోలేదు, నిజమే. రాళ్ల సందుల్లోంచి నీళ్లే పోయాయి.

ఆ సాయంత్రం క్యాంపులో బోరింగు దగ్గర అందరం చేరాం. యూనియన్ తరఫున నేను పెద్ద ప్రసంగమే కూడగట్టుకున్నాను. నన్నెవరు మాట్లాడనిచ్చారు!

"రాజాబాబు మనోడ్రా. మన సికాకుళపోడు. ఆడిమీదికెల్తామేటి?" అన్నాడొకడు.

"మనోడైతే, మొన్న జొరమొచ్చి పడుకుంటే నీ ఫేక్టరీ గేట్ పాస్ ఎందుకు లాగీసినాడ్రా?" అని లేచింది సింహాచలమ్మ.

"పాస్ పోతే రోటీ ఎక్కడ్నించొస్తాది దీదీ? ఆల్ల సెరువు ఆల్లే సూసుకుంటార్లే," అని వెనకనుంచి ఇంకో గొంతు.

"ఆల్ల సెరువేటి! మా అయ్య ఊరొదిలీసి ఈ భిలాయి ఎందుకొచ్చినాడు? సెరువెండిపోయి కాదేటి? రేపు ఆ ఊరోల్లూ ఇక్కడికే వస్తారు. సగం కూలికే వస్తామంటారు, కడుపు కాల్తే ఎవులైనా అంతే. అప్పుడు నీ పాసూ నేదు, నీ రోటీ నేదు. బుర్రెట్టి ఆలోసించండి!"

అప్పలసూరి తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "పోసింది ఈ సేతులే. తీసేదీ ఇయ్యే. వచ్చీవోలు రండి. రానోలు రాజాబాబు గుమ్మంకాడ కూకోండి," అన్నాడు.

రాత్రే ఊరికి కబురు పంపాం. తెల్లారేసరికి పారలతో మేం, తట్టలతో ఊరివాళ్లు గట్టుమీద ఉన్నాం. లోపలివైపు స్లాగ్ తోడి కందకం తీశాం. చెరువు ఎండిన మూలనుంచి బంకమట్టి తెచ్చి, తడిపి, కందకంలో పోసి కాళ్లతో తొక్కాం. మధ్యలో ఆగకూడదు. తడి ఆరితే మట్టి నెర్రెలిస్తుంది, నెర్రెలిస్తే మళ్లీ కారుతుంది. బిసాహిన్ బాయి ఛత్తీస్‌గఢీలో పాట ఎత్తుకుంటే మావాళ్లు "ఐలెస్సా" అని అందుకున్నారు. కానీ చెరువులో అప్పటికే నీళ్లు మోకాలి లోతుకి దిగిపోయాయి. ఇంత చేసీ ఏం మిగులుతుందని నాకే అనిపించింది.

మధ్యాహ్నం రాజాబాబు పోలీసు వ్యాన్‌తో దిగాడు. సర్కారు గట్టు తవ్వేస్తున్నామని కేసు!

"లీడర్ కౌన్ హై?" అని అరిచాడు ఎస్సై.

"లీడరెవులూ నేదు సాబ్. పత్థర్ మైనే డాలా, మై నికాల్ రహా హూ," అన్నాడు అప్పలసూరి కందకంలోంచే. పోసిందీ తీస్తున్నదీ తనేనని.

అతన్నీ, అడ్డొచ్చిన ఐదుగురినీ లాఠీలతో కొట్టి వ్యాన్‌లోకి తోశారు. ఆ రేకు వ్యాన్‌ని ఎండలోనే ఉంచి తలుపులు బిగించారు. ఎస్సై చెట్టుకింద కుర్చీ వేసుకుని రాజాబాబు చెప్పేది రాసుకుంటున్నాడు. లోపలినుంచి "పానీ, పానీ" అని రేకు బాదారు. నేను బిందె పట్టుకుని పరిగెడితే లాఠీ అడ్డం పెట్టారు.

"మా ఆయనకి బీపీ ఉంది సాబ్, తలుపు తియ్యండి సాబ్!" సింహాచలమ్మ దండం పెట్టింది.

"బైఠా రహనే దో. అకల్ ఆయేగీ," అన్నాడు ఎస్సై. కూర్చోనీ, బుద్ధొస్తుందట! థూ!

కాసేపటికి రేకు మీద చప్పుడు తగ్గింది. జనమంతా వ్యాన్‌ని చుట్టుముట్టాక గానీ తలుపు తియ్యలేదు. ఐదుగురూ తూలుకుంటూ దిగారు. అప్పలసూరిని మోసి దించాం, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చుక్క చెమట లేదు. గట్టుమీద పడుకోబెట్టి నీళ్లు పోశాం. ఆటో వచ్చేలోపే ప్రాణం పోయింది.

రాజాబాబు దగ్గరికొచ్చాడు. "దహనం నాను సూసుకుంతానప్పా. ముందు శవాన్ని క్యాంపుకి తీసుకెల్లిపోండి. ఇక్కడ గొడవొద్దు."

జనం భగ్గుమన్నారు. చేతుల్లోకి రాళ్లొచ్చాయి. పోలీసులు వెనక్కి జరిగి వ్యాన్‌కి ఆనుకున్నారు. శవాన్ని ఠాణాకే మోసుకుపోదామని ఎవరో కేకేశారు.

సింహాచలమ్మ మొగుడి మొహంమీద కొంగు కప్పింది. లేచి కందకం దాకా వెళ్లి, వంగి మట్టిని వేళ్లతో నొక్కి చూసింది.

"టేసనుకెల్దాం. కలెక్టరు కాడికీ ఎల్దాం. ఈయన్ని మోసుకునే ఎల్దాం," అంది. "ముందు మట్టి ఆరిపోతంది. తొక్కండి!"

అంటూనే కందకంలో మొగుడు నిలబడ్డ చోటే దిగింది. బిసాహిన్ బాయి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన దిగింది. వెనక నేను, నా వెనక క్యాంపు, ఊరు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఈసారి పాట లేదు. ఏడుస్తూనే తొక్కాం.